సుప్రజనన వాదం - అమెరికా వలస చట్టాలు

మనిషి విలువను దేనితో కొలవాలన్న ప్రశ్న మానవ చరిత్రంత పాతది. ధనంతో కొలిచిన సమాజాలున్నాయి. శరీరం రంగుతో కొలిచిన సమాజాలున్నాయి. అజ్ఞాన కాలపు అరబ్బులు తాతముత్తాతల పేర్లు చెప్పుకొని ఒకరిపై ఒకరు గొప్పలు చాటుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో ఇదే వంశగర్వం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో శాస్త్రం వేషం వేసుకొని చట్టసభలో అడుగుపెట్టింది. నలభై ఏళ్లకు పైగా ఆ దేశపు వాకిలి వద్ద ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్నది పుట్టిన జాతిని బట్టి నిర్ణయించింది. ఈ చరిత్రను ముస్లిములు తెలుసుకోవడం రెండు విధాల అవసరం. ఆ చట్టాల దెబ్బ ముస్లిములకూ తగిలింది. ఆ చట్టాల వెనుక ఉన్న జాడ్యం మాత్రం ఒక్క అమెరికాకే పరిమితమైనది కాదు.

శాస్త్రం పేరు పెట్టుకున్న వాదం

చార్లెస్ డార్విన్‌కు బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్లేయుడు 1883లో 'యూజెనిక్స్' అనే పదాన్ని సృష్టించాడు. గ్రీకు మూలాన్ని బట్టి దానికి మంచి పుట్టుక అని అర్థం. తెలుగులో సుప్రజనన శాస్త్రం అనవచ్చు. రైతు మేలుజాతి ఎద్దును, మేలురకం విత్తనాన్ని ఎంచుకున్నట్లే మానవజాతిలోనూ 'మేలైన' వారి సంతానం పెరిగేలా, 'హీనమైన' వారి సంతానం తగ్గేలా చూడాలన్నది ఈ వాదం సారాంశం.

బఠానీ మొక్కలపై మెండెల్ కనుగొన్న అనువంశిక సూత్రాలు 1900లో మళ్లీ వెలుగులోకి రావడంతో ఈ వాదానికి బలం చేకూరింది. బఠానీ గింజ నునుపా, ముడతలా అన్నది అనువంశికంగా వచ్చే లక్షణం. ఇది నిజం. కాని పేదరికం, నేరం, తాగుబోతుతనం, తెలివి కూడా అలాగే ఒక్కొక్క బీజాన్ని బట్టి వస్తాయని సుప్రజనన వాదులు నమ్మారు. అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. పూటగడవని ఇంట పుట్టిన బిడ్డ పేదవాడైతే దానికి కారణం రక్తమా, ఆకలా అని వారు విచారించలేదు.

1910లో చార్లెస్ డావెన్‌పోర్ట్ న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో యూజెనిక్స్ రికార్డు ఆఫీసును నెలకొల్పాడు. రైల్వే కోటీశ్వరుడు హారిమన్ భార్య మొదట దానికి ధనసహాయం చేసింది. తరువాత కార్నెగీ సంస్థ ఆ భారం వహించింది. ఈ ఆఫీసు నిర్వహణను చూసిన హారీ లాఫ్లిన్ తరువాతి కాలంలో వలస చట్టాల రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించాడు.

వలసలంటే భయం

పంతొమ్మిదో శతాబ్దం చివరి వరకు అమెరికాకు వలస వచ్చినవారిలో ఇంగ్లండు, ఐర్లండు, జర్మనీ, స్కాండినేవియా ప్రాంతాలవారే అధికం. ఆ తరువాత ఇటలీ, పోలండు, రష్యా, గ్రీసు, ఉస్మానియా సామ్రాజ్యాల నుండి లక్షలాదిమంది రాసాగారు. వారిలో కాథలిక్కులు, యూదులు ఎక్కువ. సిరియా, తుర్కీ ప్రాంతాల నుండి వచ్చినవారిలో కొంతమంది ముస్లిములు కూడా ఉన్నారు. చీనా కార్మికులను 1882లోనే ఒక చట్టం నిషేధించింది. 1894లో బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు వలస నియంత్రణ సంఘాన్ని స్థాపించారు.

ఈ భయానికి సుప్రజనన వాదం ఒక్కటే కారణమని చెప్పడం న్యాయం కాదు. కూలిరేట్లు పడిపోతాయని కార్మిక సంఘాలు భయపడ్డాయి. కాథలిక్కుల పట్ల, యూదుల పట్ల మతద్వేషం ఉంది. 1917 నాటి రష్యా విప్లవం తరువాత విప్లవకారులు వస్తారన్న భయమూ తోడైంది. సుప్రజనన వాదం ఈ భయాలన్నింటికీ ఒక గౌరవప్రదమైన భాషను సమకూర్చింది. 'మీరంటే మాకు గిట్టదు' అనే మాటను 'మీ రక్తం హీనమైనదని శాస్త్రం చెబుతోంది' అనే మాటగా మార్చింది. మొదటి మాట అనడానికి పెద్దమనుషులు సిగ్గుపడేవారు. రెండవది సభలో నిలబడి నిస్సంకోచంగా చెప్పగలిగారు.

1917లో అధ్యక్షుడు విల్సన్ తిరస్కరించినప్పటికీ కాంగ్రెసు ఒక వలస చట్టాన్ని ఆమోదించింది. చదవడం రానివారిని అది నిలిపివేసింది. భారతదేశం, అఫ్ఘానిస్తాన్, ఆగ్నేయాసియా, అరేబియాలో ఒక భాగం కలిపి 'నిషిద్ధ ఆసియా మండలం'గా ప్రకటించింది. ఆ విధంగా తెలుగువారితో సహా భారతీయులందరికీ ఆ దేశపు తలుపులు దాదాపుగా మూతపడ్డాయి.

పరీక్షల మాయ

న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో వలసదారులను తనిఖీ చేసేవారు. 1913లో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వవేత్త తన సహాయకులను అక్కడికి పంపి తెలివి పరీక్షలు జరిపించాడు. 1917లో ప్రకటించిన ఫలితాలలో యూదులు, ఇటాలియనులు, హంగేరీయులు, రష్యనులలో ఇంచుమించు నూటికి 80 మంది బుద్ధిమాంద్యులని తేలినట్లు పేర్కొన్నాడు. పరీక్షకు లోనైనవారు జాతికి కొద్ది పదులమంది మాత్రమే. ఓడ అడుగు తరగతిలో రోజుల తరబడి ప్రయాణించి, అలసి, దిగీదిగగానే దుబాసీ ద్వారా అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చినవారు. వారిలో కొందరు జీవితంలో పెన్సిలు పట్టి ఎరుగరు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రాబర్ట్ యెర్క్స్ నాయకత్వాన 17 లక్షలకు పైగా సైనికులకు ఇటువంటి పరీక్షలే జరిపారు. ఆ ప్రశ్నలలో అమెరికా ఆటలు, వ్యాపార ప్రకటనల్లో కనిపించే సరుకుల పేర్లు ఉండేవి. అవి తెలియనివాడు మందబుద్ధి కింద లెక్క. ఈ అంకెల ఆధారంగానే 1923లో కార్ల్ బ్రిగమ్ ఉత్తర యూరపు జాతి అందరికంటే తెలివైనదని గ్రంథం రాశాడు. 1930లో తన నిర్ధారణలకు ఆధారం లేదని తానే అంగీకరించాడు. అప్పటికే చట్టం వచ్చి ఆరేళ్లయింది.

చట్టం వెనుక చేతులు

ప్రతినిధుల సభలో వలస వ్యవహారాల సంఘానికి ఆల్బర్ట్ జాన్సన్ అధ్యక్షుడు. 1920లో అతడు లాఫ్లిన్‌ను ఆ సంఘానికి సుప్రజనన నిపుణుడిగా నియమించాడు. జాన్సన్ స్వయంగా సుప్రజనన పరిశోధకుల సంఘానికి కూడా అధ్యక్షపదవి నిర్వహించాడు. అంటే వాది, సాక్షి, న్యాయాధికారి ఒకే కుదురుకు చెందినవారన్నమాట.

1922లో లాఫ్లిన్ జైళ్లు, పిచ్చాసుపత్రులు, అనాథాలయాలలో ఉన్నవారిని జాతులవారీగా లెక్కించి, దక్షిణ, తూర్పు యూరపు జాతుల రక్తంలోనే లోపం ఉందని సాక్ష్యమిచ్చాడు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ జెన్నింగ్స్ ఆ లెక్కలను తరచి చూశాడు. లాఫ్లిన్ తాజాగా సేకరించిన ఖైదీల, రోగుల సంఖ్యను 1910 నాటి జనాభాతో పోల్చాడని, ఈ మధ్యకాలంలో జనాభా మారిందని, పైగా వాయవ్య యూరపుకు చెందిన ఐర్లండు వారి సంఖ్యలే ఎంతో అధికంగా ఉన్నాయని చూపించాడు. సభాసంఘం అతనికి మాట్లాడడానికి కొద్ది నిమిషాలే ఇచ్చింది. పిల్లల శరీర నిర్మాణం కూడా కొత్త దేశపు పరిస్థితులను బట్టి మారుతుందని మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోస్ 1911లోనే ప్రకటించాడు. అదీ ఎవరి చెవికీ ఎక్కలేదు.

1921 నాటి చట్టం 1910 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో ఉన్న ఒక్కొక్క దేశస్థుల సంఖ్యలో నూటికి 3 వంతున ఏటా ప్రవేశం కల్పించింది. 1924లో అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం చేసిన చట్టం దీన్ని 2కు తగ్గించింది. అంతకంటే ముఖ్యంగా, లెక్కకు 1890 సంవత్సరాన్ని ప్రమాణంగా తీసుకుంది. ఎందుకని? దక్షిణ, తూర్పు యూరపు వలసలు పెద్దయెత్తున సాగకముందు జరిగిన జనగణన అది. ఏ జాతి పేరూ ఎత్తకుండానే ఒక సంవత్సరం మార్చి పని నెరవేర్చుకున్నారు. ఇటలీ కోటా 42 వేల నుండి 4 వేల లోపుకు పడిపోయింది. గ్రీసుకు 3 వేలకు పైగా ఉన్నది 100కు దిగింది. జర్మనీకి మాత్రం 51 వేలు మిగిలింది. తుర్కీ, సిరియా, ఈజిప్టు, ఇరాక్ వంటి దేశాలకు తలా 100 చొప్పున కేటాయించారు. పౌరసత్వానికి అర్హత లేని జాతులను వలసదారులుగా రానివ్వనే లేదు.

ముస్లిములు - న్యాయస్థానాలు

ఆ అర్హత అంటే ఏమిటి? 1790 నాటి చట్టం పౌరసత్వాన్ని 'తెల్లవారికి' మాత్రమే ఇచ్చింది. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. తక్కినవారు తాము తెల్లవారమని కోర్టులో రుజువు చేసుకోవలసి వచ్చేది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం పొందిన కొందరు భారతీయులు దాన్ని పోగొట్టుకున్నారు.

1942లో డెట్రాయిట్‌లోని ఫెడరల్ న్యాయస్థానం యెమెన్ దేశపు అరబ్బు ఒకరి దరఖాస్తును తిరస్కరించింది. అతని శరీర ఛాయను మాత్రమే కాక, అరబ్బులు ముస్లిములన్న విషయాన్ని, వారి నాగరికత యూరపు క్రైస్తవ నాగరికతకు దూరమన్న అభిప్రాయాన్ని కూడా న్యాయమూర్తి కారణంగా చూపాడు. 1944లో మసాచుసెట్స్‌లో మరో న్యాయమూర్తి మరో అరబ్బుకు పౌరసత్వం ఇచ్చాడు. గ్రీకు విజ్ఞానాన్ని యూరపుకు అందించినవారిలో అరబ్బులు ముఖ్యులని గుర్తుచేశాడు. తీర్పు అనుకూలమైనదే. అయినా దాని మర్మం గమనించాలి. అరబ్బు మనిషి కనుక అర్హుడు అనలేదు. అరబ్బును తెల్లవారిలో లెక్కించవచ్చు అన్నారు.

ఫలితం, పతనం

లాఫ్లిన్ రాసిన నమూనా చట్టం నాజీ జర్మనీ 1933లో చేసిన నిర్బంధ సంతాన నిరోధక చట్టానికి ఆదర్శమైంది. 1936లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం అతనికి గౌరవ పట్టా ఇచ్చింది. 1939లో 900 మందికి పైగా యూదు శరణార్థులతో వచ్చిన సెయింట్ లూయీ అనే ఓడను క్యూబా, ఆ తరువాత అమెరికా కూడా రానివ్వలేదు. జర్మనీ కోటా నిండిపోయిందన్నారు. యూరపుకు తిరిగి వెళ్లినవారిలో 250 మందికి పైగా నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. కాగితం మీద రాసుకున్న అంకె ఒక ఓడను వెనక్కి తిప్పగలదని లోకం అప్పుడు చూసింది.

1939లోనే యూజెనిక్స్ రికార్డు ఆఫీసు మూతపడింది. 1946లో భారతీయులకు పౌరసత్వ హక్కు, ఏటా 100 మందికి ప్రవేశం లభించాయి. 1952లో పౌరసత్వానికి జాతి నిబంధన తొలగింది. 1924 చట్టాన్ని సభలో ఎదిరించిన ఇమాన్యుయెల్ సెల్లర్ 41 ఏళ్ల తరువాత, 1965లో, జాతుల కోటాలను రద్దుచేసిన చట్టానికి తన పేరు జోడించగలిగాడు. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు, షికాగో వంటి నగరాలలో స్థిరపడిన హైదరాబాదు ముస్లిములు ఆ తలుపు తెరిచిన తరువాతనే పెద్దసంఖ్యలో అక్కడికి వెళ్లారు.

ఇస్లాం దృక్పథం

ఇస్లాం అనువంశికతను కాదనదు. తనకు నల్లని బిడ్డ పుట్టాడని సందేహంతో వచ్చిన ఒక పల్లె అరబ్బును దైవప్రవక్త (సఅసం) అతని ఒంటెల రంగు గురించి ప్రశ్నించారు. ఎర్ర ఒంటెల మందలో బూడిదరంగు ఒంటె ఎలా పుట్టిందో అతని నోటనే చెప్పించి, పూర్వీకుల పోలిక బిడ్డలోనూ వచ్చి ఉండవచ్చునని నచ్చజెప్పారు. గమనించండి: అనువంశికత అక్కడ ఒక తల్లిని నింద నుండి, ఒక బిడ్డను తిరస్కారం నుండి కాపాడడానికి ఉపయోగపడింది. సుప్రజనన వాదులు అదే విషయాన్ని తల్లులను, బిడ్డలను రేవులోనే ఆపడానికి ఉపయోగించారు.

మక్కా విజయదినాన కాబాపై అజాన్ పలికే గౌరవం హబషీ అయిన హజ్రత్ బిలాల్ (రజి)కు దక్కింది. ఖురైషు పెద్దలలో కొందరికి అది మింగుడుపడలేదు. దైవభీతి తప్ప మరే కొలబద్దా మనిషిని మనిషికంటే ఎక్కువ చేయదని అంతిమ హజ్ ప్రసంగం చాటింది.

అయితే ఈ బోధను ఇతరులకు వినిపించి ఊరుకుంటే సరిపోదు. సయ్యద్ ఇంటి సంబంధమా, దూదేకుల ఇంటి సంబంధమా అని పెళ్లిచూపులనాడు ఆరా తీసే అలవాటు తెలుగునాట మన ముస్లిం సమాజంలోనూ పోలేదు. అమాయి దీన్ ఎలాంటిది, నడవడి ఎలాంటిది అన్న ప్రశ్న ఖాందాన్ ఏది అన్న ప్రశ్న తరువాతనే వస్తోంది. మసీదు వరుసలో భుజం భుజం ఆనించి నిలబడినవారు వియ్యమందడానికి వెనుకాడుతున్నారు. అమెరికా చట్టసభ తన వంశగర్వాన్ని కాగితం మీద రాసుకుంది కనుక ఏదో ఒకనాడు దాన్ని కొట్టివేయగలిగింది. కాగితం మీద రాయని గర్వాన్ని కొట్టివేయవలసిన బాధ్యత ప్రతి ఇంటి పెద్దపైనే ఉంది.