త్రిభుజం, కుండ, దేవుడు

పరమ సత్యమంటూ ఏదీ లేదనేవారికి యూక్లిడ్ కథ మంచి ఆసరా. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలేనని రెండువేల ఏళ్లు తిరుగులేకుండా నమ్మారు. 19వ శతాబ్దంలో లోబచెవ్‌స్కీ, రీమన్ ఆ నమ్మకాన్ని కదిపేశారు. గ్లోబు మీద ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా 90 డిగ్రీల ఎడంతో రెండు గీతలు దించి చూడండి: మూడూ లంబకోణాలే, మొత్తం 270! అయితే ఇక్కడ సత్యమేమీ కూలలేదు, దాని షరతును మనం మరిచామంతే. తలం చదునుగా ఉంటే 180 అన్నది నేటికీ చెక్కుచెదరలేదు. పైగా ఏ సత్యమూ శాశ్వతం కాదంటే, మరి ఆ మాటో?

శాశ్వత సత్యం ఉండొచ్చన్నంతమాత్రాన దేవుడు రుజువైపోడు. కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకూ కర్త ఉండాలని 'న్యాయకుసుమాంజలి'లో ఉదయనుడు వాదించాడు. అంతకు చాలాముందే, వేదాన్ని తలదాల్చిన కుమారిలభట్టు సృష్టికర్తను ఒప్పుకోలేదు: శరీరం లేనివాడు ఎలా చేస్తాడు, ఏ ప్రయోజనం కోసం చేస్తాడు అని నిలదీశాడు. నా మొగ్గు కుమారిలుడి వైపే. కుమ్మరి పని చేస్తుండగా చూశాం గనక కుండ సంగతి తెలుసు. జగత్తు తయారవుతుండగా చూసినవాళ్లెవరు? రుజువు లేని నమ్మకాలు అందరికీ ఉన్నాయిగా అనవచ్చు. నిజమే, ప్రకృతి రేపూ ఇలాగే నడుస్తుందనడానికి తర్కంలో ఆధారం లేదని 18వ శతాబ్దంలోనే హ్యూమ్ చూపాడు. కానీ ఆ నమ్మకం లేకుండా పొయ్యి కూడా వెలిగించలేం; దేవుణ్ణి నమ్మకుండా ఎందరో నిక్షేపంగా బతుకుతున్నారు. అందుకే ఆస్తికుడి మీద బరువు కాస్త ఎక్కువ. కుమారిలుడి ప్రశ్నకు 'లీల' అని బదులిస్తే, ఏది జరిగితే ఆ మాట తప్పని ఒప్పుకుంటాడో కూడా అతనే చెప్పాలి.