ఎస్‌జీపీటీ 64 ఎవరి పద్దు?

రాయగడ జిల్లా కల్యాణసింగ్‌పూర్‌లో యాభై ఏళ్ల కిరాణా వర్తకుడు ఒకాయన ఉన్నాడనుకుందాం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, సంత రోజున నియమగిరి దిగివచ్చే డోంగ్రియా కోందులతో బేరానికి సరిపడా కువి. ఒంట్లో ఏ నలతా లేదు. షుగరు చూపించుకుందామని రక్తమిస్తే, ప్యాకేజీలో ఉందంటూ ల్యాబువాళ్లు లివరు పరీక్ష కూడా చేసి ఇచ్చారు. కాగితం మీద ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64. రెండో అంకె మాత్రం దళసరి అక్షరాల్లో, పక్కనే పైకి చూసే బాణం గుర్తుతో ఉంది. సాయంత్రానికి కొట్టు ముందు సలహాల సంత. నేల ఉసిరి పసరు తాగమని ఒకరు, లివరు టానిక్కు తెచ్చుకోమని ఒకరు. మరొకరైతే ఆయనకు అలవాటుందో లేదో కూడా అడక్కుండా "ఇక మందు మానెయ్యి బాబూ" అని తీర్పిచ్చేశారు.

ఆ అంకె దేన్ని కొలుస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కణాల లోపల పనిచేసే ఎంజైములు. అమైనో ఆమ్లాలను అటూ ఇటూ మార్చడం వాటి పని. కణం దెబ్బతింటే లోపలున్నవి రక్తంలోకి కారతాయి. రిపోర్టులో కనిపించేది ఆ కారడమే తప్ప కాలేయం పనితనం కాదు. అది ఎలా పనిచేస్తోందో తెలియాలంటే అల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయం చూడాలి. 'లివర్ ఫంక్షన్ టెస్ట్' అన్న పేరే సగం తప్పుదారి పట్టిస్తుంది. పైగా ఎస్‌జీఓటీ మొదట పేరు తెచ్చుకున్నది కాలేయంతో కానే కాదు. 1954లో న్యూయార్కులో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే వైద్యులు గుండెపోటు వచ్చినవారి రక్తంలో అది పెరగడం గమనించారు. చాలా ఏళ్లు దాన్ని గుండెపోటు పరీక్షగా వాడారు కూడా. గుండె కండరంలో, ఒంటి కండరాల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా అది దండిగా ఉంటుంది. ఎస్‌జీపీటీ ఎక్కువగా కాలేయం సొత్తు.

ఈ తేడా పట్నాల్లో కంటే ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. అనాస పండ్లో, పసుపో కావిట్లో పెట్టుకుని కొండ దిగినవాడి రక్తం మర్నాడు తీస్తే, కాలేయం భేషుగ్గా ఉన్నా ఎస్‌జీఓటీ పెరిగి కనిపించవచ్చు. ఆ పద్దు కండరాలది. సీకే అనే మరో పరీక్షతో అది తేలిపోతుంది. కొడవలి కణ వ్యాధి ఉన్నవారిలో ఎర్రకణాలు చితికి అదే ఎంజైము బయటపడుతుంది. ఇక ఊళ్లో తీసిన రక్తపు గొట్టం మోటారు సైకిలు సంచిలో గతుకుల రోడ్డు మీద కుదుపులు తింటూ వెళ్లి, దారిలోనే కణాలు పగిలితే? జబ్బు మనిషిలో కాదు, గొట్టంలో ఉన్నట్టు. అందుకే మంచి వైద్యుడు చిన్న పెరుగుదల చూసి మందు రాయడు. ముందు మళ్లీ పరీక్ష రాస్తాడు.

వర్తకుడికి పెరిగింది ఎస్‌జీపీటీ. ఆ వయసులో, ఆ పనిలో మొదట అనుమానించాల్సింది కాలేయంలో చేరిన కొవ్వునే. రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చోవడం, మూడు పూటలా అన్నం, గంటకో చక్కెర టీ. చోడి అంబలి తాగి కొండెక్కిన తాత కాలేయం, ఈ మనవడి కాలేయం ఒకలా ఉంటాయా? 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ బృందం మద్యం అంతగా ముట్టనివారిలో అచ్చం తాగుబోతుల కాలేయాల్లాంటివి చూసి ఈ జబ్బుకు పేరు పెట్టింది. 2023లో ఆ పేరును కూడా మార్చారు. మన కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో దీన్ని షుగరు, బీపీల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. సన్నగా ఉన్నానన్న ధీమా పనికిరాదు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే పొట్టలోని కొవ్వుకు కాలేయం కూడా గోదాము అవుతుంది. ఆడవారిలో నెలసరి ఆగాక ఇది మరింత ఎక్కువ. ఒంటి బరువులో నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గితే కాలేయం వాపు చాలావరకు దిగుతుంది. 70 కిలోల మనిషికి అది ఐదు నుంచి ఏడు కిలోలు.

మందు సంగతి సరే. ఈ కొండల్లో జీలుగు కల్లు మర్యాద, ఇప్పసారా పండుగ, బ్రాందీ సీసా కొత్త హోదా. చెట్టు మీద పులిసినా, కుండలో కాచినా, సీసాలో కొన్నా కాలేయానికి చేరేది ఒకటే ఆల్కహాల్. దాని జాడ రిపోర్టులో తరచు వేరేగా ఉంటుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటుతుంది, జీజీటీ అనే మరో ఎంజైము కూడా పెరుగుతుంది. తాగేవారిలో బి6 విటమిన్ తరుగుతుంది, అది లేకపోతే ఎస్‌జీపీటీ తయారీ మందగిస్తుంది. వర్తకుడి కాగితంలో అంకెలు దానికి తిరగబడి ఉన్నాయి. తీర్పిచ్చినాయన బహుశా తొందరపడ్డాడు.

తర్వాతి ప్రశ్న: గత మూడు నెలల్లో ఏమేం మింగారు? క్షయ మందులు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని కదిలించేవే. కోర్సు ఎప్పుడు ఆపాలో వైద్యుడే చెప్పాలి, సొంతంగా మానేస్తే క్షయ మొండికేస్తుంది. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీలో నడిపిన పరిశోధనల ఫలం. అది ఎందరి కీళ్లనో నిలబెట్టింది. దాన్ని వాడేవారు క్రమం తప్పకుండా ఎంజైములు చూపించుకోవాలి. చెట్టుమందులకు మినహాయింపు లేదు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయాలు తాగి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను 13 ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రచురించారు. అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన వేరే తీగ కావచ్చని ఆయుష్ శాఖ వాదించింది. పసరు తాగేవాడికి ఆ రెండిటి తేడా తెలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. నేల ఉసిరి సంగతీ అంతే. అది హెపటైటిస్ బిని తొలగిస్తుందని 1988లో మద్రాసు పరిశోధన లాన్సెట్‌లో ఆశ రేపింది. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

హెపటైటిస్ బి దగ్గరే నడివయసుకు అసలు ముడి ఉంది. వరప్రసాద రెడ్డి స్థాపించిన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ టీకాను తెచ్చింది. దేశమంతటా పసిపిల్లల టీకాల్లో అది చేరింది 2011లో. ఇప్పుడు యాభైలో ఉన్నవారికి పసితనంలో ఆ రక్షణ లేదు. కాన్పులో తల్లి నుంచి వచ్చిన వైరస్ దశాబ్దాలు చప్పుడు చేయకుండా ఉండి, ఇలా ఒక దళసరి అంకెతో తొలిసారి పలకవచ్చు. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, చికిత్స ఉచితం. సి అయితే సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో పోతుంది.

కళ్లు పచ్చబడినా, పొట్టలో నీరు చేరినా, మగత కమ్మినా, అంకెలు వేలల్లోకి పోయినా ఈ నిదానం పనికిరాదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

వర్తకుడికి ఇవేవీ లేవు. కాలేయం గట్టిపడిందేమో చూడటానికి కాగితం, పెన్సిలు చాలు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి: 50ని 40తో, 2,000. ఎస్‌జీపీటీ వర్గమూలం తీయాలి: 64కు 8. ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలుంటే 250 వేలు కనుక 250ని 8తో గుణిస్తే మళ్లీ 2,000. భాగిస్తే 1. వైద్యులు ఎఫ్‌ఐబీ-4 అనే ఈ లెక్క 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ. అవే అంకెలతో ప్లేట్‌లెట్లు లక్షే ఉంటే 2.5 వస్తుంది. అప్పుడు కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ ఉన్న ఊరికి ప్రయాణం కట్టాల్సిందే. అయితే మలేరియాలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఈ కొండల్లో మలేరియా కొత్త కాదు. జ్వరంతో ఉన్నప్పుడు తీసిన రక్తంతో ఈ లెక్క వేయకూడదు. ఒళ్లు కోలుకుని, ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాక మళ్లీ రక్తమిచ్చి వేసుకోవాలి.