చదువులో ఒడంబడిక

వికారాబాదు జిల్లా నవాబుపేటలో గాని, మఱెచ్చట గాని, లెక్కలకు భయపడు పదవ తరగతి విద్యార్థికి "బాగుగా చదువుము" అను హితవు దారి చూపదు. ఉత్తీర్ణతకు నూటికి 35 మార్కులు కావలెనన్న మాట భయమునే పెంచును. అట్టివానితో ఉపాధ్యాయుడు ఒక ఒడంబడిక వ్రాసికొనుట మేలని మేము తలతుము.

ఇది క్రొత్త గాదు. 1920లో అమెరికాలోని డాల్టన్ పట్టణపు ఉన్నత పాఠశాలలో హెలెన్ పార్క్‌హర్స్ట్ ప్రవేశపెట్టిన పద్ధతిలో, విద్యార్థి నెల చదువును ఒప్పందముగా స్వీకరించి, తన వేగమున పూర్తిచేసెడివాడు.

మనకు వారపు ఒడంబడిక చాలును. "దినమునకు మూడు లెక్కలు చేయుదును" అని విద్యార్థి, "రానిచో బడి విడిచిన పిమ్మట మరల చెప్పుదును" అని గురువు సంతకము చేయవలెను. శనివారము ఇరువురును సరిచూచుకొనవలెను. లెక్కలు మిగిలినచో శిక్ష తగదు. మూడింటిని రెండు చేయవలెను. గురువు మాట తప్పినచో ఆ కాగితము వ్యర్థము. ఇచ్చిన మాట చెల్లించుకొన్న వారముననే విద్యార్థికి తనపై నమ్మిక కలుగును.