వార్తల్లో పదం: ఎస్‌పీడీ

పిడుగు ఊరి చివర కొబ్బరిచెట్టు మీద పడుతుంది, మనింట్లో టీవీ పోతుంది. 230 వోల్టుల లైన్లోకి సెకనులో కొన్ని లక్షో వంతుల పాటు వేల వోల్టులు దూసుకురావడమే సర్జ్. దాన్ని ఎర్త్‌లోకి మళ్లించేది సర్జ్ ప్రొటెక్షన్ డివైస్, అంటే ఎస్‌పీడీ. స్టెబిలైజర్ ఈ పని చేయలేదు. అది కదిలేలోపే సర్జ్ వచ్చి పోతుంది.

ఎస్‌పీడీలో ఎక్కువగా వాడేది జింక్ ఆక్సైడ్ బిళ్ల. మామూలు వోల్టేజీకి అడ్డంగా నిలబడి, హద్దు దాటగానే దారి ఇస్తుంది.

అసలు సంగతంతా బిగింపులోనే ఉంది. ఫేజ్ నుంచి ఎస్‌పీడీకి, అక్కడి నుంచి ఎర్త్ బార్‌కి వెళ్లే వైర్ల పొడవు మొత్తం అర మీటరు దాటకూడదు. అందం కోసం బోర్డు అంచుల వెంట తిప్పారా, ఒక్క మీటరు వైరే సర్జ్ వేళ వెయ్యి వోల్టుల దాకా అదనంగా చేర్చగలదు. ఎర్త్ సరిగా లేకపోతే పరికరం ఉన్నా లేనట్టే. కంపెనీ చెప్పిన ఫ్యూజో ఎంసీబీయో ముందు ఉండాలి, లేదంటే చెడిన బిళ్ల కాలిపోవచ్చు.

మెయిన్ ఆపినా మీటరు నుంచి వచ్చే టెర్మినళ్లలో కరెంటు ఉంటుంది. దయచేసి సొంతంగా చెయ్యి పెట్టకండి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పిడుగుల కాలంలో పరికరం మీది చిన్న కిటికీ చూస్తుండండి. చాలా రకాల్లో ఆకుపచ్చ పోయి ఎరుపు కనిపిస్తే బిళ్ల మార్చాల్సిందే.