నాడాలో దాగిన గొంతు

మీ ఇంటి అటక మీది పాత పెట్టెలో అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనిపించవచ్చు. లోపల రెండు చిన్న చక్రాలు, వాటికి చుట్టిన గోధుమరంగు నాడా. అదే టేపు క్యాసెట్. దీనిని ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో తొలిసారి చూపింది. 1980లలో మన ఊళ్ళ బజార్లలో క్యాసెట్ల దుకాణాలు వెలిశాయి. పాటల జాబితా రాసి ఇస్తే, ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవారు.

ఇంతకీ ఈ నాడాలో మాట ఎలా దాగుతుంది? నాడా మీద ఐరన్ ఆక్సైడ్ పొడి పూసి ఉంటుంది. ఒక్కొక్క రేణువూ ఒక సూక్ష్మమైన అయస్కాంతం అనుకోండి. మనం మాట్లాడితే మైక్రోఫోను ఆ ధ్వనిని హెచ్చుతగ్గుల విద్యుత్ ప్రవాహంగా మారుస్తుంది. ఆ ప్రవాహం 'హెడ్' అనే చిన్న విద్యుదయస్కాంతంలోకి వెళుతుంది. దానిని రాసుకుంటూ నాడా జారిపోతుంటే, ఆ హెచ్చుతగ్గులను బట్టి రేణువులు అయస్కాంతీకరణ చెందుతాయి. వినేటప్పుడు జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. కదిలే రేణువులు హెడ్‌లోని తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తాయి. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది!

నాడా వేగం సెకనుకు 4.76 సెం.మీ. ఒక వైపు 30 నిమిషాలు పాడాలంటే ఎంత పొడవు కావాలి? లెక్క వేసి చూడండి, దాదాపు 86 మీటర్లు వస్తుంది. సెకనుకు 10,000 కంపనాలుండే ధ్వనిలో ఒక్కో కంపనానికి దొరికే చోటు మిల్లీమీటరులో 200వ వంతుకన్నా తక్కువ. అంత సన్నని రాతను చదవడం సామాన్యమైన పనా!

1979లో సోనీ వారి వాక్‌మన్ వచ్చి పాటను నడుముకు తగిలించింది. 1982లో సి.డి. వచ్చింది. దానిని చదివేది కాంతి, కనుక రాపిడి లేదు, అరుగుదల లేదు. ఆ తరువాత కంప్యూటర్లు, ఫోన్లు వచ్చాయి. క్యాసెట్ అటకెక్కింది.

సినిమా పాట పోతే మళ్ళీ దొరుకుతుంది. కాని తాతయ్య చెప్పిన కథ, పెళ్ళిలో అమ్మమ్మ పాడిన పాట ఆ ఒక్క నాడాలోనే ఉండవచ్చు. చెమ్మ తగిలితే రేణువులను పట్టి ఉంచే బంక చెడుతుంది. పొడి రాలితే దానితో పాటు గొంతూ రాలిపోతుంది. అంతే కాదు, చుట్టలో ఒక పొరకున్న అయస్కాంతత్వం పక్క పొరకు సోకుతుంది. పాత టేపుల్లో అసలు మాటకు ముందే దాని నీడలాంటి మాట సన్నగా వినిపించేది అందుకే.

అటువంటి క్యాసెట్ దొరికితే వెంటనే యంత్రంలో పెట్టకండి. వెనుక అంచున రెండు మూలలా ఉండే చిన్న ప్లాస్టిక్ రేకులను విరిచేయండి. ఇక రికార్డు మీట పనిచేయదు, పొరపాటున చెరిగిపోయే భయం ఉండదు. నాడా వదులైతే చక్రంలో పెన్సిల్ దూర్చి తిప్పండి. హెడ్‌ను స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచి, ఆరనిచ్చి, నాడాను ఒకసారి చివరిదాకా ముందుకూ వెనక్కూ చుట్టాక కంప్యూటరులోకి ఎక్కించుకోండి. బూజు పట్టి ఉంటే మాత్రం తిప్పవద్దు. పని తెలిసినవారికి అప్పగించండి.