తొక్కితే బిగిసేవా, పట్టీతో కట్టేవా?

అపోహ: మంచు సామానుతో మనకేం పని!

మే నెల మధ్యాహ్నం ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో గడప దాటాలంటేనే జంకు. అలాంటిచోట మంచు బూట్ల ముచ్చట తీస్తే నవ్వుతారు. అయినా 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కిన ఇద్దరు గురుకుల విద్యార్థుల్లో సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం. రెండో విద్యార్థి నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ. వాళ్ల శిక్షణ భువనగిరి గుట్ట మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్‌ల దాకా సాగింది. కాబట్టి ఈ సంగతి మనదే.

అపోహ: ట్రెక్కింగ్‌లో అద్దెకిచ్చే ముళ్ల గొలుసులే క్రాంపాన్లు.

కాదు. సాగే రబ్బరుకు గొలుసులు, పొట్టి ముళ్లు తగిలించినవి మైక్రోస్పైక్స్. జనం తొక్కి గట్టిపడ్డ దారిలో జారకుండా కాస్తాయి. నిటారు మంచుగోడ దగ్గర వాటిని నమ్ముకోకూడదు. అసలు క్రాంపాన్ అంటే బూటు కింద బిగించే లోహపు చట్రం, దానికి పది పన్నెండు పదునైన పళ్లు.

అపోహ: పట్టీతో కట్టేవి పాతకాలం సరుకు, తొక్కితే బిగిసేవే మేలు.

దుకాణంలో ఎక్కువగా వినిపించే మాట ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. తొక్కితే బిగిసే క్రాంపాన్‌కు ముందు ఇనుప తీగ, వెనక మడమ దగ్గర లివర్ ఉంటాయి. అవి పట్టుకోవాలంటే బూటుకు ముందూ వెనకా లోతైన గాడి ఉండాలి, అట్ట వంగకూడదు. ఎనిమిది వేల మీటర్ల శిఖరాలకు వేసుకునే బూట్లు అలాంటివే. మామూలు ట్రెక్కింగ్ బూటుకు ఆ గాడీ ఉండదు, ఆ గట్టిదనమూ ఉండదు. దానికి తొక్కుడు రకం తగిలిస్తే నాలుగు అడుగుల్లో ఊడొస్తుంది. పట్టీ రకం అయితే దాదాపు ఏ బూటుకైనా కుదురుతుంది. వెనక లివర్, ముందు పట్టీ ఉన్న మధ్యరకం కూడా ఉంది. దానికి మడమ దగ్గర మాత్రం గాడి, కాస్త గట్టి అట్ట ఉంటే చాలు. అంటే ఎంపిక బూటుతో మొదలవ్వాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు.

పాతకాలం అన్నందుకు ఒక్కమాట. పర్వతారోహకుడు ఆస్కార్ ఎకెన్‌స్టైన్ 1908లో పది పళ్ల క్రాంపాన్ నమూనా గీస్తే ఇటలీలోని గ్రివెల్ కమ్మరి కుటుంబం దాన్ని తయారుచేసింది. ముందుకు పొడుచుకొచ్చే రెండు పళ్లు 1929లో వచ్చాయి. 1953లో టెన్జింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కింది పట్టీలు కట్టుకునే. పైగా ఇప్పటి తొక్కుడు రకానికి కూడా చీలమండ చుట్టూ ఒక పట్టీ ఉంటుంది, లివర్ జారినా చట్రం లోయలోకి పోకుండా!

అపోహ: తొక్కుడు రకంతో ఎప్పుడూ టైం కలిసొస్తుంది.

గాడిలో మంచు గడ్డకట్టకపోతేనే. గడ్డకడితే లివర్ పడదు, పడినట్టు కనిపించి తర్వాత వదిలేస్తుంది. పట్టీకీ ఇబ్బందులున్నాయి: మందపాటి గ్లవుజులతో బకిల్ పట్టుకోవడం చిరాకు, మెత్తటి బూటు మీద మరీ బిగిస్తే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి.

అపోహ: స్నోబోర్డు మీద పడిపోతే తొక్కుడు బిగింపు దానంతటదే విడిపోతుంది.

అమెరికాలో ఉంటూ శీతాకాలం స్నోబోర్డు నేర్చుకుంటున్న మనవాళ్లకు ఇది చెప్పాలి. పడితే విడిపోయేవి స్కీయింగ్ బిగింపులు. స్నోబోర్డుకు పట్టీ రకమైనా తొక్కుడు రకమైనా కాలు వదలదు. ఒక కాలు విడిపోయి రెండోది బోర్డుకే ఉండిపోతే మోకాలు మెలిపడే ప్రమాదం మరి. 1990ల్లో వచ్చిన తొక్కుడు రకాలు నిలవలేదు. 2017లో బర్టన్ కంపెనీ స్టెప్ ఆన్‌తో మళ్లీ ఊపందుకున్నాయి. దానికి వేళ్ల దగ్గర రెండు, మడమ దగ్గర ఒక కొక్కెం. బూటు కూడా దానికి తగ్గట్టు చేసిందే కావాలి.

అద్దెకు తీసుకునేటప్పుడు తొక్కుడు రకం క్రాంపాన్ బిగించి, చీలమండ పట్టీ కట్టకుండానే కాలెత్తి విదిలించండి. ఊడి పడితే ఆ జత వద్దనండి.