స్టీరింగ్ దగ్గర లేనివాడి మాటేమిటి?

బోటులో మందు తాగొచ్చా అని అమెరికాలో అడిగితే రాష్ట్రానికో జవాబు వస్తుంది. జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకు ఉత్తరాన ఉన్న లేక్ లేనియర్ సంగతే చూద్దాం. చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన ఈ జలాశయం పక్కనే, ఫోర్సైత్ కౌంటీలో, తెలుగు కుటుంబాలు బోలెడు స్థిరపడ్డాయి. ఎండాకాలం శని, ఆదివారాల్లో బోటు అద్దెకు తీసుకుని, గాలాలూ ఐస్ పెట్టే సర్దుకుని నీళ్లలోకి వెళ్లడం అక్కడ మామూలే. జార్జియాలో మూత తీసిన బీరు సీసా కారులో ఉంటే నేరం, బోటులో ఉంటే కాదు. ఊరికే కూర్చుని వచ్చేవాళ్లు ఎంత తాగినా బోటు చట్టం వాళ్ల జోలికి రాదు. నడిపేవాడు సైతం కాస్త పుచ్చుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ చేరితే మాత్రం కేసు తప్పదు. మన దేశంలో రోడ్డు మీద ఈ హద్దు 30 మిల్లీగ్రాములని గుర్తుంచుకోండి. జార్జియాలో బోటుకు ఇది ఒకప్పుడు 100 ఉండేది. 2012లో లేనియర్ మీద జరిగిన ఢీకొనడంలో చిన్నపిల్లలైన ఇద్దరు అన్నదమ్ములు చనిపోయాక, మరుసటి ఏడాది వాళ్ల పేరిట వచ్చిన చట్టం దాన్ని 80కి దించి కారుతో సమానం చేసింది.

సమానం చేయడం మంచిదే, కాదనను. కానీ చిక్కంతా ఆ సమానంలోనే ఉంది. రోడ్డు మీద వెనక సీట్లో తాగి నిద్రపోయినవాడి వల్ల ప్రమాదం జరగదు. అందుకే చట్టం డ్రైవరు ఊపిరి ఒక్కటే కొలుస్తుంది. అదే కొలతను తెచ్చి నీళ్ల మీద పెట్టారు. మేరీలాండ్, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో 1990 నుంచి 1998 వరకు బోటు ప్రమాదాల్లో చనిపోయిన 221 మంది వివరాలను పరిశోధకులు పరిశీలించారు. ఆ ఫలితాలు 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. రక్తంలో ఆల్కహాల్ 10 మిల్లీగ్రాములు ఉన్నప్పుడే చనిపోయే అవకాశం 1.3 రెట్లయింది. 250 దగ్గర యాభై రెట్లు దాటింది. అసలు గమనించాల్సింది మరొకటుంది. నడిపినవాడికీ, ఊరికే కూర్చున్నవాడికీ ముప్పు ఒకే తీరున ఉంది. బోటు పరుగెత్తుతున్నా, ఆగి ఉన్నా తేడా కనిపించలేదు.

ఆగిన బోటులో ఏమవుతుందని అనుమానం రావచ్చు. చేపలు పట్టేవాళ్లు వాడే అడుగు చదునుగా ఉండే చిన్న అల్యూమినియం పడవను ఊహించుకోండి. ఇంజన్ ఆపి, లంగరు వేసి, గంటల తరబడి గాలం వేస్తారు. ఎండ, గాలి, నీటి మెరుపు, అలల ఊపు కలిసి తాగనివాడినే తూలేలా చేస్తాయి. రెండు బీర్లు పడ్డాక గాలం విసరడానికో, చిక్కిన చేపను వలబుట్టలోకి లాగడానికో, మూత్రానికో అంచున లేచి నిలబడతాడు. పడవ కాస్త ఒరుగుతుంది. అది తాగి నడపడం కాదు, నిలబడటం అంతే. చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మనిషి తనకు తెలియకుండానే గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో తల నీటి లోపల ఉంటే మిగతా కథ చెప్పనక్కర్లేదు. 2023లో అమెరికాలో వినోద బోట్ల ప్రమాదాల్లో 564 మంది పోయారు. మరణానికి కారణమైన అంశాల్లో తెలిసినంతలో మందుదే మొదటి స్థానం, దాని ఖాతాలో 79 మంది. మరణ కారణం తేలినవారిలో మూడు వంతులు మునిగిపోయినవారు. వాళ్లలో 87 శాతం మంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు.

ఇక అమలు. నీటి మీద లేన్లు లేవు, చెక్‌పోస్టు పెట్టడానికి సందు లేదు. తూలకుండా నడవమని గీత గీయడానికి నేల కూడా లేదు. అందుకే కూర్చోబెట్టి చేసే పరీక్షలు వచ్చాయి. కళ్లతో పెన్ను కదలికను వెంబడించమంటారు, వేలితో ముక్కు తాకమంటారు, ఒక అరచేతి మీద రెండో చేతిని తిరగేసి మరగేసి కొడుతూ లెక్కపెట్టమంటారు. 2009 నుంచి ఏటా జూలై 4 సెలవుల చుట్టూ ‘ఆపరేషన్ డ్రై వాటర్’ పేరుతో ప్రత్యేక తనిఖీలు జరుగుతున్నాయి. సముద్రానికి దారి ఉన్న నీళ్లలో కస్టమ్స్ అధికారులు అనుమానం లేకున్నా బోటెక్కి పత్రాలు చూడొచ్చని 1983లో అమెరికా సుప్రీంకోర్టు అంది. ఇది స్వేచ్ఛను హరించడమేనని చాలామంది వాదన. ఒహాయో అయితే 2013లో, సరైన అనుమానం లేకుండా కేవలం భద్రతా తనిఖీ కోసం బోటు ఆపకూడదని చట్టమే చేసింది. ఆ అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. పిల్లాపాపలతో షికారుకొచ్చిన కుటుంబాన్ని నెపం లేకుండా ఆపి సోదా చేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ ఊపిరిలో ఏముందో దూరం నుంచి కనిపించదు కాబట్టే ఆపాల్సి వస్తోంది.

దూరం నుంచి కనిపించేది జాకెట్. ఇప్పుడు జార్జియాలో 13 ఏళ్లలోపు పిల్లలు కదిలే బోటులో దాన్ని తొడుక్కుని తీరాలి. పెద్దలకు మాత్రం మనిషికొకటి బోటులో చేతికందేలా ఉంటే చాలు, తొడుక్కోనక్కర్లేదు. నా ఉద్దేశంలో మూత తీసిన సీసా ఉన్న బోటులో, కదులుతున్నా ఆగినా, అందరూ జాకెట్ వేసుకోవాలన్న నిబంధన రావాలి. పూర్తి మద్య నిషేధం కాగితం మీదే మిగిలిపోతుంది, నీళ్ల మీద మరీను. పెద్దవాళ్లను బలవంతపెట్టడమేమిటంటారా? న్యూయార్క్‌లో నవంబరు నుంచి మే మొదలు దాకా చిన్న బోట్లలో పెద్దలకూ ఇది ఇప్పటికే తప్పనిసరి, నీళ్లు చల్లగా ఉంటాయని. మిసిసిపీలో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ 2009లో కొన్ని జలాశయాల్లో చిన్న బోట్లకు ఈ నియమం పెడితే, వేసుకునే పెద్దల సంఖ్య బాగా పెరిగింది.

మిగిలిన అభ్యంతరం ఎండ. జూలైలో నురుగు జాకెట్ తొడుక్కుని గాలం పట్టుకోవడం నరకమే. గాలి నింపుకునే సన్నటి రకాలు ఉన్నాయి, మెడ చుట్టూ పట్టీల్లా ఉంటాయి, చెయ్యి ఆడటానికి అడ్డురావు. అయితే వాటిలో కొన్నింటికి తాడు లాగితేనే గాలి నిండుతుంది. తాగి నీళ్లలో పడి ఉక్కిరిబిక్కిరి అవుతున్నవాడు ఆ తాడు వెతుక్కోగలడని నమ్మడం కష్టం. కొనేటప్పుడు నీళ్లు తగలగానే దానంతటదే ఉబ్బే రకం అడగాలి. 16 ఏళ్లలోపు వాళ్లకు మాత్రం ఇవి పనికిరావు, నురుగు జాకెట్టే కావాలి.